ఇచ్చట పీ వాల్యూ తెప్పించబడును

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల తిరిగినవాళ్ళకి ఆ బోర్డులు గుర్తుండే ఉంటాయి. జావా, డాట్‌నెట్, ఒరాకిల్, వాటి మధ్యలో ఓ మూల "క్లినికల్ శాస్". బీఫార్మసీ, ఎమ్మెస్సీ బయోటెక్ చదివి ఏ ఉద్యోగమూ దొరక్క హైదరాబాదు బస్సెక్కిన పిల్లలు ఎంతమంది ఆ కోర్సు పుణ్యమా అని స్థిరపడ్డారో నాకు తెలుసు. ఆ బోర్డు మీద నాకు కోపం లేదు. నా గొడవంతా ఇంకో బోర్డు గురించి. అది ఎక్కడా వేలాడదు, నోటి మాట మీద నడిచిపోతూ ఉంటుంది. వేలాడదీస్తే మాత్రం ఇలా రాయాలి: "ఇచ్చట పీ వాల్యూ తెప్పించబడును."

విషయం తెలియనివాళ్ళ కోసం కాస్త చెప్తాను. మన దేశంలో ఎండీ, ఎంఎస్ చేసే ప్రతి డాక్టరూ ఓ థీసిస్ రాసి తీరాలి. పరీక్షలకి ఆరు నెలల ముందే సమర్పించాలని మెడికల్ కౌన్సిల్ 2000లో చేసిన నిబంధనల్లోనే ఉంది. ఓపీ, వార్డు, నైట్ డ్యూటీ, మళ్ళీ ఓపీ. ఈ సందులోనే పేషెంట్ల దగ్గర వివరాలు రాసుకుని, ఎక్సెల్‌లో కొట్టించి, గడువు నెల ఉందనగా పరిగెత్తుకొస్తారు. ఎక్కడికి? బయోస్టాటిస్టిక్స్ తెలిసినవాడి దగ్గరికి కాదు. కాలేజీ మొత్తానికి అలాంటివాడు ఒకరుంటే గొప్ప. అందుకని ఎస్పీఎస్ఎస్ ఇన్‌స్టాల్ అయి ఉన్న లాప్‌టాప్ దగ్గరికి వస్తారు. ఆ లాప్‌టాప్ ముందు కూర్చున్నది చాలాసార్లు మనమే. అంటే సాఫ్ట్‌వేర్ వాళ్ళం.

మొన్నామధ్య మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. మెడిసిన్ పీజీ చేస్తున్నాడు. కాలేజీ పేరు అనవసరం, ఏ కాలేజీ అయినా ఇదే కథ.

"అన్నయ్యా, నువ్వు సాఫ్ట్‌వేరే కదా, కాస్త ఈ ఎస్పీఎస్ఎస్ చేసి పెట్టవా?"

"ఏం తేల్చాలిరా?"

"పీ వాల్యూ 0.05 లోపు వస్తే చాలంట."

"దేనికి, దేనికి మధ్య?"

"దేనికైనా పర్లేదు. ఓ నాలుగైదు టేబుళ్ళలో వస్తే థీసిస్ నిండుగా ఉంటుందని మావాళ్ళంటున్నారు."

వాడు మంచి పిల్లాడు, తెలివైనవాడు. రేపు మన ఇంట్లో ఎవరికైనా బాగోకపోతే ముందు వాడికే ఫోన్ చేస్తాం. అలాంటివాడి నోటి నుంచి "దేనికైనా పర్లేదు" అన్న మాట వచ్చిందంటే తప్పు వాడిలో ఒక్కడిలోనే ఉందని నేననుకోను. కానీ ఫైలు తెరిచాక మాత్రం గుండె కలుక్కుమంది. గర్భిణుల వివరాలు. మొదటి కాలంలో పేరు. రెండో దాంట్లో భర్త పేరు. మూడోది ఊరు. నాలుగోది ఫోన్ నంబరు. ఆ ఊళ్ళ కాలంలో అక్కడక్కడా ధరణికోట అని ఉంది. మా ఊరు. ఆ పేర్లు చూస్తే ఫలానావాళ్ళ కోడలు అని నేను చెప్పేయగలను. ఆవిడ హెచ్‌బీ ఎంతో, ఎన్నో కాన్పో, అంతకుముందు పోయిన బిడ్డ సంగతేమిటో అన్నీ వరసగా ఉన్నాయి. వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయి నా దాకా వచ్చింది ఆ ఫైలు. మధ్యలో ఎంతమంది చేతులు మారిందో దేవుడికెరుక.

పేర్లూ నంబర్లూ తీసేసి, వరస నంబరు మాత్రమే పెట్టి మళ్ళీ పంపమన్నాను. "అవి తీసేయాలా?" అని ఆశ్చర్యపోయాడు. పేషెంటు వివరాలు గోప్యంగా ఉంచాలని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లో రాసి ఉంది. ఎథిక్స్ కమిటీకి ఇచ్చిన కాగితంలో వీడు సంతకం కూడా పెట్టి ఉంటాడు. సంతకం వేరు, ఎక్సెల్ షీటు వేరు అన్నమాట :)

సరే, అసలు సంగతికొద్దాం. ఆ షీటులో హెచ్‌బీ కాలంలో కొన్ని గళ్ళు ఖాళీ. ఈ ఖాళీ గడి గురించే కాస్త నిదానంగా మాట్లాడుకోవాలి. మన వృత్తిలో నల్ అంటే ఏమిటో తెలియనివాడు ఉండడు. నల్‌ని సున్నాతో పోల్చకూడదని ఫ్రెషర్‌కి మొదటి వారంలోనే చెప్తాం. మరి ఈ స్టాటిస్టికల్ సాఫ్ట్‌వేర్లు ఆ ఖాళీ గడిని ఏం చేస్తాయో ఎప్పుడైనా చూశారా?

లెక్క కోసం ఓ ఉదాహరణ అనుకుందాం, నిజం డేటా కాదు. 200 మంది గర్భిణులు. 24 మందికి హెచ్‌బీ నమోదు కాలేదు. మిగిలిన 176 మందిలో 88 మందికి 11 కన్నా తక్కువ, అంటే రక్తహీనత. ఎంత శాతం?

శాస్‌లో ఖాళీ విలువని చుక్కతో సూచిస్తారు. ఆ చుక్క ఏ అంకె కన్నా కూడా చిన్నదని శాస్ లెక్క. మీరు "హెచ్‌బీ 11 కన్నా తక్కువైతే రక్తహీనత 1, లేకపోతే 0" అని రాస్తే ఆ 24 మందీ బుద్ధిగా రక్తహీనులైపోతారు. 112 బై 200, 56 శాతం. లాగ్‌లో ఒక్క ఎర్ర గీత కూడా రాదు. పోల్చడం తప్పు కాదు కదా మరి, దాని దృష్టిలో. ఎక్సెల్‌లో ఇఫ్ ఫార్ములా రాసినా ఇదే గతి. అది ఖాళీని సున్నా అనుకుంటుంది. సున్నా హెచ్‌బీతో మనిషి బతకడన్న సంగతి దానికేం తెలుసు!

ఎస్పీఎస్ఎస్‌లో రీకోడ్ మెనూకి వెళ్ళి, 11 లోపు ఉన్నవి 1, "మిగతావన్నీ" 0 అని నొక్కారనుకోండి. ఆ "మిగతావన్నీ"లో ఖాళీలు కూడా కలిసే ఉంటాయి. ఈసారి ఆ 24 మందీ ఆరోగ్యవంతులు. 88 బై 200, 44 శాతం.

ఆర్‌లో రాస్తే ఖాళీ ఖాళీగానే ఉంటుంది, 88 బై 176, 50 శాతం వస్తుంది. అది కొంచెం నయం. కానీ టేబుల్ వేసినప్పుడు ఆ 24 మంది ఉన్నారన్న సంగతే కనపడదు, అడిగితే తప్ప చూపించదు. రిగ్రెషన్ వేసినా ఆ వరసల్ని చప్పుడు చెయ్యకుండా వదిలేసి ముందుకెళ్తుంది. స్టాటాది శాస్‌కి సరిగ్గా ఎదురు. దాని దృష్టిలో ఖాళీ అన్ని అంకెల కన్నా పెద్దది. బీపీ 140 దాటితే 1 అని రాస్తే బీపీ చూడని ప్రతివాడికీ బీపీ వచ్చేస్తుంది.

ఒకే షీటు. 44, 50, 56. మూడూ "సాఫ్ట్‌వేర్ ఇచ్చిన" జవాబులే. మూడింటికీ కింద "విశ్లేషణ ఫలానా వెర్షన్‌లో చేయబడినది" అని ఒకే వాక్యం రాస్తారు. ఆ వాక్యం చదివి మీకు ఏ 24 మంది సంగతి తెలుస్తుంది?

అసలు ఆ 24 మంది ఎవరు? ఇది ఏ సాఫ్ట్‌వేరూ చెప్పదు, పల్నాడులో పుట్టినవాడు చెప్పగలడు. రెండోసారి రమ్మంటే రాలేకపోయినవాళ్ళు. మిరపకాయ కోతలకి పోయినవాళ్ళు, పత్తి తీతకి పోయినవాళ్ళు, బస్సు ఛార్జీకి లేక ఆగిపోయినవాళ్ళు. రక్తహీనత ఎక్కువ ఉండే అవకాశం ఎవరికి ఎక్కువో సరిగ్గా వాళ్ళే ఆ ఖాళీ గళ్ళు. వాళ్ళని వదిలేసి 50 శాతం అనడం కూడా నిజానికి తప్పే. ఎంతమంది లేరు, ఎందుకు లేరు అన్నది రాయకుండా ఏ అంకె వేసినా అది మా ఊరి ఆడవాళ్ళ గురించి చెప్పిన అబద్ధమే అవుతుంది.

ఇదంతా చెప్తే ఓ మిత్రుడన్నాడు, "థీసిస్ కదండీ, ఎవడు చదువుతాడు? బీరువాలో పడి ఉంటుంది" అని. నేనొప్పుకోను. థీసిస్ నుంచి పేపరొస్తుంది, ప్రమోషన్ల కోసమైనా ఆ పేపరు వేస్తారు. అలాంటి చిన్న చిన్న పేపర్లన్నీ ఏరుకుని ఇంకెవరో సమీక్ష రాస్తారు. ఐరన్ మాత్రలు ఎన్నివ్వాలో, ఏ మండలానికి ఏ పథకమో తేల్చే కమిటీ ముందు ఆ సమీక్ష ఉంటుంది. బీరువాలో పడి ఉండే థీసిస్ అయితే ఆ ఆడవాళ్ళ చేతికి సూది గుచ్చి రక్తం ఎందుకు తీశారండీ?

పీ వాల్యూ దగ్గరికొస్తే ఇంకో కామెడీ. ఎస్పీఎస్ఎస్ పాత వెర్షన్లు మరీ చిన్న పీ వాల్యూని ".000" అని చూపించేవి. మూడు దశాంశాల్లో పట్టలేదని దాని ఉద్దేశం. మనవాళ్ళు దాన్ని యథాతథంగా "పీ = 0.000" అని అచ్చేస్తారు. అసలు సంభావ్యత సున్నా అన్నమాట! బ్రహ్మదేవుడు కూడా అంత ధీమాగా చెప్పడు. 0.001 కన్నా తక్కువ అని రాయాలి. ఈ ఒక్క ముక్క తెలియకపోతే ఆ అంకె అర్థం తెలియనట్టే లెక్క.

ఇక "ఏదో ఒకటి వస్తే చాలు" సంగతి. అసలు ఏ సంబంధమూ లేని డేటాలో 20 పరీక్షలు విడివిడిగా చేస్తే, కనీసం ఒక్కటైనా 0.05 లోపు రావడానికి సుమారు 64 శాతం అవకాశం ఉంది. 0.95ని ఇరవైసార్లు గుణించి ఒకటిలోంచి తీసేయండి, మీకే తెలుస్తుంది. మావాడి షీటులో కాలాలు ముప్పై పైనే. వయసు, కులం, చదువు, వంట చెరకు, భర్త తాగుడు... అన్నిటినీ అన్నిటితో గుణిస్తూ పోతే గ్యారంటీగా దొరుకుతుంది ఏదో ఒకటి. ఇది పరిశోధన కాదు, గాలం వెయ్యడం. పడింది చూపించి, పడనివన్నీ దాచెయ్యడం. అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ వాళ్ళు 2016లో పీ వాల్యూ గురించి ప్రత్యేకంగా ఓ ప్రకటన విడుదల చేసి మరీ మొత్తుకున్నారు. ఒక గీత దాటిందా లేదా అన్నదాని మీద శాస్త్రీయ నిర్ణయాలు ఆధారపడకూడదని. మనకది గోడకి చెప్పినట్టే అయ్యింది.

పెద్దపెద్దవాళ్ళు కూడా జారిపడ్డారు కదా అంటారేమో. పడ్డారు. పడ్డాక ఏం జరిగిందో కూడా చూద్దాం.

2018లో జామాలో ఓ అధ్యయనం వచ్చింది. జాన్స్ హాప్కిన్స్ వాళ్ళది. ఊపిరితిత్తుల జబ్బుతో ఆస్పత్రిలో చేరిన 240 మందికి ఇంటికెళ్ళాక ప్రత్యేక శ్రద్ధ తీసుకునే కార్యక్రమం పెడితే మళ్ళీ ఆస్పత్రి పాలవడం బాగా తగ్గిందని తేల్చారు. తరువాత వాళ్ళే గమనించారు, గ్రూపుల్ని 1, 2 నుంచి 0, 1కి మార్చేటప్పుడు తిరగబడింది. ఎవరికి కార్యక్రమం ఇచ్చారో వాళ్ళు ఇవ్వనివాళ్ళుగా, ఇవ్వనివాళ్ళు ఇచ్చినవాళ్ళుగా! సరిచేసి చూస్తే కార్యక్రమంలో ఉన్నవాళ్ళే ఎక్కువసార్లు ఆస్పత్రికి వచ్చారు. 2019లో పేపరు వెనక్కి తీసుకుని, సరైన ఫలితంతో మళ్ళీ వేశారు. ఒక బూలియన్ ఫ్లాగ్ తిరగబడడం. మనలో ఈ బగ్ రాయనివాడెవడు చెప్పండి? తేడా ఏమిటంటే, వాళ్ళ దగ్గర ప్రోగ్రాం ఉంది. వెనక్కెళ్ళి ఏ లైనులో తప్పు జరిగిందో చూడగలిగారు. మెనూలో నొక్కుకుంటూ పోయినవాడికి వెనక్కెళ్ళడానికి లైనేది?

డ్యూక్ యూనివర్సిటీ కథ దీనికన్నా దారుణం. కేన్సర్ కణితిలోని జీన్ల తీరు చూసి ఏ మందు పనిచేస్తుందో ముందే చెప్పేస్తామని 2006లో నేచర్ మెడిసిన్‌లో అనిల్ పొట్టి, జోసెఫ్ నెవిన్స్ బృందం పేపరు వేసింది. హ్యూస్టన్‌లో ఎండీ ఆండర్సన్‌లో పనిచేసే కీత్ బాగర్లీ, కెవిన్ కూంబ్స్ అనే ఇద్దరు ఆ లెక్కల్ని మళ్ళీ చేసి చూద్దామని కూర్చుంటే, జీన్ల జాబితా మొత్తం ఒక వరస కిందకి జరిగిపోయి ఉంది. ఆఫ్ బై వన్! హెడర్ వరస సంగతి సాఫ్ట్‌వేర్‌కి సరిగ్గా అందకపోవడం వల్ల వచ్చిన తిప్పలు. కొన్నిచోట్ల మందుకి లొంగేవి, లొంగనివి అన్న గుర్తులు కూడా తారుమారయ్యాయి. వాళ్ళిద్దరూ 2009లో ఇదంతా అచ్చువేశారు. ఈలోపు ఆ లెక్కల ఆధారంగా నిజమైన కేన్సర్ పేషెంట్లకి ఏ మందివ్వాలో నిర్ణయించే ట్రయల్స్ మొదలైపోయాయి కూడా. 2010లో గానీ అవి పూర్తిగా ఆగలేదు. పేపరు 2011లో వెనక్కి తీసుకున్నారు. తరువాత అమెరికా ప్రభుత్వ విచారణలో అది పొరపాటుతో ఆగలేదని, డేటానే మార్చారని 2015లో తేలింది. కానీ మొదట తలుపు తీసింది ఆ ఒక్క వరస జరగడమే.

ఎక్సెల్ చేసిన ఘనకార్యం చాలామందికి తెలిసిందే కాబట్టి క్లుప్తంగా. సెప్ట్2, మార్చ్1 లాంటి జీన్ పేర్లని అది తేదీలుగా మార్చేస్తుంది. 2004 నుంచీ జనం చెప్తూనే ఉన్నారు. 2016లో లెక్కేస్తే, ఎక్సెల్‌లో జీన్ల జాబితాలు జతచేసిన పేపర్లలో దాదాపు ఐదోవంతుకి ఈ జబ్బు పట్టి ఉంది. చివరికి ఏం చేశారు? 2020లో జీన్ల పేర్లే మార్చేశారు. సాఫ్ట్‌వేర్ మారదు, మానవజాతి జన్యువులే సర్దుకోవాలి! ఆ మార్పిడిని ఆపుకునే సదుపాయం మైక్రోసాఫ్ట్ వాళ్ళు 2023లో ఇచ్చారు లెండి.

ఇప్పుడు అసలు నా కడుపుమంట దగ్గరికొస్తాను. ఈ తప్పుల్ని పట్టుకోవడం ఎలాగో ప్రపంచంలో ఎవరికైనా బాగా తెలిస్తే అది హైదరాబాద్‌లో కూర్చున్న మనవాళ్ళకి తెలుసు. క్లినికల్ శాస్ ప్రోగ్రామింగ్ మన ఊళ్ళో వేలమంది చేస్తున్న ఉద్యోగం. పెద్ద మందుల కంపెనీల ట్రయల్ డేటా ఇక్కడికే వస్తుంది. అక్కడ పనెలా జరుగుతుంది? డేటా చూడకముందే విశ్లేషణ ప్రణాళిక రాసి సంతకాలు పెడతారు. ఒక టేబుల్‌ని ఒకడు ప్రోగ్రాం రాసి చేస్తాడు. అదే టేబుల్‌ని రెండోవాడు మొదటివాడి కోడ్ చూడకుండా సొంతంగా చేస్తాడు. రెండూ ప్రాక్ కంపేర్‌లో పెడతారు. ఒక్క దశాంశం తేడా వచ్చినా ఎవరిది తప్పో తేలేదాకా వదలరు. లాగ్‌లో, మెర్జ్ చేసిన రెండు ఫైళ్ళలోనూ ఒకే కీ రెండుసార్లు వచ్చిందని చిన్న నోట్ కనపడినా క్యూసీ వాడు వెనక్కి పంపేస్తాడు. ప్రతి వేరియబుల్‌కీ అది ఎక్కడ నుంచి వచ్చిందో, ఎలా పుట్టిందో రాసిన పట్టిక ఉంటుంది.

పగలు ఇంత నిష్ఠగా పనిచేసే మనిషి, రాత్రి ఇంటికొచ్చి ఎవరో డాక్టరు గారి షీటు తెరిచి, మెనూలో చై స్క్వేర్ నొక్కి, వచ్చిన బొమ్మని వర్డ్‌లో అతికించి, డబ్బు పుచ్చుకుని, ఫైలు డిలీట్ చేసి పడుకుంటాడు! ఎందుకని? పగలు చేసే పనికి అమెరికా ఎఫ్‌డీఏ వాడు అడుగుతాడు. రాత్రి చేసే పనికి అడిగేవాడు లేడు. అంటే మన నాణ్యత అంతా ఆడిటర్ భయమేనా? అమెరికా పేషెంటుకి ఇద్దరు ప్రోగ్రామర్లు, ధరణికోట పేషెంటుకి ఒక మౌస్ క్లిక్కా? దీన్ని సేవ అని కూడా అంటున్నారు కొందరు, "పాపం పీజీ పిల్లలకి హెల్ప్ చేస్తున్నాం" అని. ఆ పిల్లలకి చేసింది సాయం కాదు. వాళ్ళు తమ చేత్తో పోగుచేసిన డేటాని జీవితంలో ఒక్కసారైనా అర్థం చేసుకునే అవకాశాన్ని మనం కొనేసుకున్నాం.

ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే సాఫ్ట్‌వేర్ సరిగ్గా వాడితే అన్నీ చక్కబడతాయని నేనన్నట్టు ఉంటుంది. హైదరాబాద్‌లోనే జీవీకే బయోసైన్సెస్ కథ గుర్తుందా? 2014 మేలో ఫ్రాన్స్ ఔషధ నియంత్రణ సంస్థ వాళ్ళు వచ్చి తనిఖీ చేస్తే, వాలంటీర్ల ఈసీజీల్లో తేడాలు కనపడ్డాయి. అనేక సంవత్సరాల పాటు ఈసీజీలు తారుమారు చేశారని వాళ్ళు తేల్చారు. 2015 జనవరిలో యూరప్ ఔషధ సంస్థ సుమారు 700 మందుల అనుమతుల్ని నిలిపివేయమని సిఫార్సు చేసింది. ఆ మందుల వల్ల ఎవరికైనా హాని జరిగిందని గానీ, అవి పనిచెయ్యవని గానీ ఆధారం లేదని కూడా వాళ్ళే చెప్పారు. కంపెనీ ఆ నిర్ణయంతో విభేదించింది. మన ప్రభుత్వమైతే ఆ కోపంతో యూరప్‌తో వాణిజ్య చర్చలు కూడా వాయిదా వేసింది. అవన్నీ ఒప్పుకుందాం. కానీ ఒక్కటి ఆలోచించండి. ఆ రకం అధ్యయనాల్లో అసలు కొలిచేది రక్తంలో మందు మోతాదు. రెండు మందుల నిష్పత్తి, దాని 90 శాతం విశ్వాస అంతరం 80 నుంచి 125 మధ్యలో ఉందా లేదా అన్నదే పరీక్ష. ఈసీజీ ఆ లెక్కలోకి రానే రాదు. శాస్ ప్రోగ్రాం ఎన్నిసార్లు వేసినా ఎక్కడా తేడా కనపడదు. పట్టుకున్నది ఈసీజీ కాగితాలు పక్కపక్కన పెట్టి కళ్ళతో చూసినవాళ్ళు. మూల కాగితం దాచి ఉండబట్టే ఆ పనైనా జరిగింది.

మూల కాగితం అంటే మా ఊరివాడికి ఇంకోటి గుర్తొస్తుంది. మా ధరణికోటే పాత ధాన్యకటకం. పక్కనే అమరావతి స్తూపం. ఆ పలకల మీద శాసనాలు చూశారా? ఎవరిచ్చారు, ఎవరి కొడుకు లేక ఎవరి భార్య, ఏ ఊరు, ఏమిచ్చారు అన్నీ చెక్కి ఉంటాయి. ఇంత శుభ్రంగా వివరాలు రాసిన డేటా ఈ కాలపు ఎక్సెల్ షీట్లలో నేను చూడలేదు. తరువాత ఏమైంది? 1797లో కోలిన్ మెకంజీ వచ్చేనాటికే జనం ఆ రాళ్ళని ఇళ్ళకీ మెట్లకీ పట్టుకుపోతున్నారు, సున్నానికి కాల్చేస్తున్నారు. ఆ తరువాత తవ్విన దొరలు కొందరు ఏ పలక ఎక్కడ దొరికిందో సరిగ్గా రాయకుండానే పెళ్ళగించి మద్రాసుకీ లండన్‌కీ తరలించారు. ఇవాళ రాళ్ళున్నాయి, మ్యూజియంలో అద్దాల మధ్య మెరుస్తున్నాయి. ఏది ఏ వరసలో ఉండేదో మాత్రం ఖచ్చితంగా చెప్పగలవాళ్ళు లేరు. 1816 తరువాత మెకంజీ బృందం వేసిన బొమ్మలే చాలా పలకలకి మిగిలిన ఆధారం. థీసిస్‌లోని అందమైన పై చార్టు చూసినప్పుడల్లా నాకు ఆ అద్దాల మధ్య పలకే గుర్తొస్తుంది.

అభ్యంతరాలు కొన్ని వస్తాయని తెలుసు.

"శాస్ లైసెన్సు ఎవడు కొంటాడండీ?" ఎవడూ కొనక్కర్లేదు. 2000 ఫిబ్రవరి 29న ఆర్ 1.0 వచ్చినప్పటి నుంచీ ఊరకే దొరుకుతోంది. ఎఫ్‌డీఏ కూడా ఫలానా సాఫ్ట్‌వేరే వాడాలని మేమనడం లేదని 2015లోనే స్పష్టంగా ప్రకటించింది. శాస్ గొప్పా, ఆర్ గొప్పా అని కొట్టుకోవడం మనకి ఎడిటర్ల గురించి కొట్టుకున్నంత సరదా. కానీ పైన చెప్పిన ఖాళీ గడి ముందు అన్నీ ఒకటే. ఎస్పీఎస్ఎస్‌లో కూడా ప్రతి డైలాగ్ బాక్సులో "పేస్ట్" అని ఓ బటన్ ఉంటుంది. ఓకే బదులు అది నొక్కితే మీరు చేసిన పనంతా సింటాక్స్‌గా రాసి పెడుతుంది. 1968లో పుట్టిన సాఫ్ట్‌వేర్ అది, మౌస్ రాకముందే కార్డుల మీద ఆదేశాలతో నడిచింది. ఆ బటన్ నొక్కినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

"ఇప్పుడు ఏఐ ఉంది కదా, షీటు పడేస్తే రిజల్ట్స్ చాప్టరు కూడా రాసిస్తుంది." రాసిస్తుంది. చక్కటి ఇంగ్లీషులో రాసిస్తుంది. ఖాళీ గడి అంటే పరీక్ష చెయ్యలేదా, చేసి కాగితం పోయిందా, శాంపిల్ పాడైందా అన్నది దానికెవరు చెప్తారు? వార్డులో నిలబడ్డవాడికి తప్ప ఎవరికీ తెలియదు. పైగా ఆ పేర్లూ ఫోన్ నంబర్లూ ఉన్న షీటునే ఎత్తి అందులో పడేస్తారు. వాట్సాప్ చాలదన్నట్టు.

"డాక్టర్లకి లెక్కలు రావండీ." ఇది వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివిన సి.ఆర్. రావుగారు 25 ఏళ్ళ వయసులో, 1945లో వేసిన పేపరు ప్రపంచమంతా పాఠంగా చెప్తోంది. 1948లో ఆయన ప్రతిపాదించిన స్కోర్ టెస్టు, మీరు శాస్‌లో లాజిస్టిక్ రిగ్రెషన్ వేసినప్పుడల్లా అవుట్‌పుట్‌లో "స్కోర్" అన్న వరసలో కనపడుతుంది. ఆర్‌లో అయితే ఏకంగా "రావ్" అని రాసే అడగొచ్చు. 2023లో, చనిపోవడానికి కొద్ది నెలల ముందు ఆయనకి అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వస్తే మనమందరం వాల్ మీద ఫోటో పెట్టుకున్నాం. ఫోటో పెట్టిన చేత్తోనే ఆ వరసేమిటో తెలియకుండా కాపీ కొట్టి థీసిస్‌లో అతికిస్తున్నాం. ఒక డాక్టరు ఈసీజీ చదవడం నేర్చుకోగలిగితే రెండు బై రెండు టేబుల్ చదవడం నేర్చుకోలేడా? నేర్పేవాడు లేడు, అంతే. ప్రతి మెడికల్ కాలేజీలో ఒక పూర్తికాలపు బయోస్టాటిస్టీషియన్ ఉండి, డేటా సేకరణకి ముందు పిల్లల్ని కూర్చోబెట్టుకుంటే ఈ నోటి మాట బోర్డు సగం దించెయ్యచ్చు.

చాలా యూనివర్సిటీలు ఇప్పుడు థీసిస్‌తో పాటు కాపీ కొట్టలేదని ప్లేజియరిజం సర్టిఫికెట్ అడుగుతున్నాయి. మంచిదే. మాటలు కాపీ కొట్టారా అని చూస్తారు గానీ అంకెలు ఎక్కడ నుంచి వచ్చాయో ఎందుకు చూడరు? పేర్లు తీసేసిన డేటా ఫైలు, ఏ కాలం ఏమిటో, ఖాళీ అంటే ఏమిటో చెప్పే ఒక పేజీ, మొదటి నుంచి చివరి దాకా టేబుళ్ళన్నీ పుట్టించే స్క్రిప్టు. ఈ మూడూ ఒక సీడీలో పట్టేవి, ఇప్పుడైతే ఈమెయిల్‌లో పడతాయి. విజయవాడలో ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఒక్క సర్క్యులర్ ఇస్తే వచ్చే బ్యాచ్ నుంచి అమలవుతుంది. దానికి బడ్జెట్ అక్కర్లేదు, కొత్త భవనం అక్కర్లేదు. ఎక్స్‌టర్నల్ పరీక్షకుడు వైవాలో ఆ స్క్రిప్టు రన్ చేసి "ఈ టేబుల్ 7లో 176 ఎందుకుంది, 200 ఏవి బాబూ?" అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు.

అది వచ్చేదాకా మనవైపు నుంచి చెయ్యగలిగింది ఒకటుంది. తెలిసినవాళ్ళ పిల్లలు షీటు పట్టుకుని వస్తే "తెప్పించి పెడతా" అనకండి. పక్కన కూర్చోబెట్టుకోండి. మా పిన్ని కొడుకుతో మూడు ఆదివారాలు కూర్చున్నాను. మొదటి ఆదివారం అంతా సాఫ్ట్‌వేర్ తెరవనేలేదు, ఒక్కో ఖాళీ గడి దగ్గరా ఆగి "ఇదెందుకు ఖాళీ?" అని అడిగాను. కొన్నిటికి వాడు కేస్ షీట్లు వెతికి హెచ్‌బీ పట్టుకొచ్చాడు. కొందరు రెండోసారి రాలేదని తేలింది, వాళ్ళని విడిగా ఒక టేబుల్‌గా వేశాడు, ఊరి దూరంతో సహా. వాడు మొదట్లో ఏది తేల్చాలనుకుని అనుమతి తెచ్చుకున్నాడో ఆ ఒక్క ప్రశ్నకి జవాబు 0.05 దాటిపోయింది. అలాగే రాసిచ్చాడు. గైడు గారు ఇంకా సంతకం పెట్టలేదు. "ఇంకెవరితోనైనా ఒకసారి చేయించకూడదా?" అన్నారట.